కావలసినవి: ఒక గోడ

మార్చి 3, సోమవారం

టైమ్‌టేబుల్ గారు పొద్దున్నే నా కౌంటర్ దగ్గరికొచ్చి లిస్టు కావాలన్నాడు. మా బ్రాంచి లైబ్రేరియన్‌కి ఆ పేరు పెట్టింది నేనే. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. ఈ మధ్య చదువుకునే పిల్లలంతా నేచర్ విచ్‌క్రాఫ్ట్ పుస్తకాలు, అంటే చెట్లూ ఆకులతో మంత్రాలవి, యోగా పుస్తకాలు తెగ అడుగుతున్నారట. గుమ్మం పక్కన ఒక స్టాండ్ పెడదామట. బిగినర్స్‌కి పనికొచ్చేవి ఒక పది ఏరి పెట్టండి మేడమ్, మీకైతే ఓపికెక్కువ అన్నాడు. యాభై దాటిన ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువని ఎవరు పుట్టించారో గానీ, దొరికితే నాలుగు దులపాలని ఉంది.

సరేనన్నాను. లోపల నవ్వొచ్చింది. మంత్రగత్తె, యోగా ఒకే స్టాండ్ మీద! మా ఇంట్లో రెండూ ఒకే మనిషిలో ఉండేవి.

మార్చి 4, మంగళవారం

అత్త గురించి రాయాలనిపిస్తోంది.

నాన్నకి చెల్లెలు. పెళ్ళి వద్దనుకుంది, మాతోనే ఉండేది, బట్టలు కుట్టేది. మేడ మీద పాత బకెట్లలో, పగిలిన సింకులో, ఆఖరికి నా పాత స్కూల్ బ్యాగులో కూడా మొక్కలు పెంచేది. ఆకు తెంపే ముందు మొక్కకి సారీ చెప్పేది. నిజంగా, పైకి వినపడేటట్టు. పౌర్ణమికి ముందు ఏ విత్తనం వెయ్యాలి, తర్వాత ఏది వెయ్యాలి అని లెక్కలుండేవి. ఎండిన ఆకుల కట్టలు కిటికీకి వేలాడేవి. గది నిండా ఒక వాసన. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే అక్కడే నిలబడిపోతాను.

సాయంత్రం ఐదింటికి మేడ మీద క్లాసు. పేటలో ఆడవాళ్ళు ఏడెనిమిది మంది చాపలు చంకలో పెట్టుకుని వచ్చేవారు. చీరలు దోపుకుని, ఒకళ్ళని చూసి ఒకళ్ళు నవ్వుకుంటూ కాళ్ళూ చేతులూ చాపేవారు. అత్త మాత్రం నవ్వేది కాదు. ఒడిలో నీలం అట్ట నోట్‌బుక్ పెట్టుకుని ఊపిరులు లెక్కపెట్టేది. నేను నీళ్ళ ట్యాంక్ మీద కూర్చుని చూసేదాన్ని. ఎంత బాగుండేదో ఆ సాయంత్రం వేళ. ఇంకెక్కడా అంత బాగుండలేదు.

ఆ నోట్‌బుక్‌ని ఏం చేశానో రాయను.

మార్చి 5, బుధవారం

ఆరు పుస్తకాలు చదివాను. మొదటిదాని కవర్ మీద అమ్మాయికి ఒంట్లో ఎముకలున్నట్టు లేదు. రెండోది బిగినర్స్‌కి అంటూనే మూడో పేజీలో రాగి గిన్నె, పదకొండు రకాల మూలికలు, వాన నీళ్ళు తెమ్మంటుంది. వాన నీళ్ళు కూడా మొదటి వానవే అయి ఉండాలట! మూడోది పరవాలేదు. రోజూ ఒకే చెట్టు దగ్గరికి వెళ్ళి పది నిమిషాలు ఊరికే నిలబడమంది. దాన్ని లిస్టులో వేశాను. నాలుగోది రాసినాయన తన గురించే రాసుకున్నాడు. ఐదూ ఆరూ ఒకటే పుస్తకం, అట్టలు వేరు.

మార్చి 6, గురువారం

అక్షరాలు ఎలా వస్తున్నాయో చూసుకోకుండా రాస్తున్నాను.

స్టాండ్‌కి చోటు కావాలంటే పాతవి తీసెయ్యాలి. మా రూల్ ప్రకారం మూడేళ్ళుగా ఎవరూ తీసుకోని పుస్తకం వెనక గదికి, అక్కణ్ణుంచి కాగితం మిల్లుకి. ఇరవై ఒకటో తారీఖు శుక్రవారం బండి వస్తుంది. వంటల ర్యాక్ నా వంతు. వెనక అట్ట తెరవడం, డేట్ స్లిప్ చూడడం, పక్కన పెట్టడం. అలా పెడుతూ పెడుతూ ఒక బ్రౌన్ రెక్సిన్ బైండు తెరిచాను.

అత్త చేతిరాత.

స్టూలు మీంచి దిగి నేల మీదే కూర్చుండిపోయాను. నీలం అట్ట తీసేసి బైండు చేశారు, అంతే తేడా. మొదటి పేజీలో బొమ్మ: వెల్లకిలా పడుకుని గోడకి కాళ్ళు చాపిన మనిషి. కింద: “మొదలుపెట్టేవాళ్ళకి. కావలసినవి: ఒక గోడ. నలభై ఊపిరులు.”

ఆ పేజీకి గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. అదే చేతిరాత, కాస్త ముసలిదైంది. “ఇక్కడ కొందరికి ఏడుపొస్తుంది. లెక్క ఆపకండి.”

పుస్తకం నిండా అలాంటి చీటీలే.

మార్చి 6, మధ్యాహ్నం

టిఫిన్ డబ్బా పక్కన పెట్టేశాను. రాసేస్తాను.

నాకు పదకొండేళ్ళు. స్కూల్లో నాతో ఎవరూ జట్టు కట్టేవారు కాదు. ఒకరోజు అత్త నోట్‌బుక్ ఎత్తుకెళ్ళి, ఆ బొమ్మని అడ్డంగా తిప్పి చూపించాను. అలా తిప్పితే కాళ్ళు పైకి, జుట్టు కిందికి, మనిషి వేలాడుతున్నట్టే ఉంటుంది. మా అత్త మంత్రగత్తె, తనకి నచ్చనివాళ్ళని ఇలా తలకిందులుగా కట్టేస్తుంది, ఇవి వాళ్ళ బొమ్మలు అన్నాను. ఆహా, ఏం గౌరవం దక్కిందో! రెండు రోజులు నేనే రాణిని. మూడో రోజు ముందు బెంచీ పిల్లకి జ్వరమొచ్చింది. వాళ్ళమ్మ స్కూలు మీద పడింది. క్లాస్ టీచర్ నోట్‌బుక్ లాక్కుని బీరువాలో పడేసింది.

మర్నాడు సాయంత్రం ఐదింటికి మేడ మీదికి ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అత్త ఒక్కతే చాప పరుచుకుని కూర్చుంది. నాన్న పేటలో తలెత్తుకోలేకపోతున్నానని కేకలేశాడు. ఆ పిచ్చిరాతలు పేటంతా ఎవరు తిప్పారో చెప్పమన్నాడు, చెబితే ఆ చేతులు విరిచేస్తానన్నాడు. పారేసుకున్నాను అని చెప్పింది అత్త. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. నెల తిరక్కుండా కుట్టు మిషన్ రిక్షాలో వేసుకుని మూడు వీధుల అవతల గదికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నలభై ఒక్క ఏళ్ళుగా ఆదివారం ఆదివారం వెళ్తున్నాను. ఇంతవరకూ చెప్పలేదు.

మార్చి 7, శుక్రవారం

డేట్ స్లిప్ నిండా ఒకటే నంబరు. 118, 118, 118.

మార్చి 8, శనివారం

ఎంట్రీ రిజిస్టర్ తీశాను. మా స్కూలు మూసేసినప్పుడు బీరువాలో ఉన్నవన్నీ ఈ బ్రాంచికి ఇచ్చేశారు. బైండరు చదవకుండా బైండు చేశాడు, గుమాస్తా చూడకుండా ఎక్కించాడు. “ఆకులు, కషాయాలు, వ్యాయామం. రచయిత: తెలియదు.” కషాయాలు ఉన్నాయి కదా అని వంటల్లో పెట్టాడు మహానుభావుడు. ఆరు నెలల కిందట నేను ఈ బ్రాంచికి బదిలీ అయ్యి వచ్చాను, రోజూ ఆ ర్యాక్ పక్కనుంచే టీకి వెళ్తున్నాను.

తర్వాత మెంబర్ల రిజిస్టర్. 118 ఎదురుగా అత్త పేరు.

ఇరవై రెండేళ్ళు. మూడు వారాలకోసారి. తను రాసిన పుస్తకాన్ని తనే తీసుకెళ్ళి, గడువులోపల తెచ్చిచ్చి, మళ్ళీ తీసుకెళ్ళింది. ఆఖరి ముద్ర మూడేళ్ళ కిందటి ఫిబ్రవరిది. ఆ నెలలోనే అత్త మోకాళ్ళు పూర్తిగా పోయాయి. మా బ్రాంచికి పదకొండు మెట్లు.

మార్చి 9, ఆదివారం

వెళ్ళాను. మందులు ఇచ్చాను. కిటికీ తుడిచాను. సూదిలో దారం ఎక్కించిపెట్టాను. ఏంటే అలా ఉన్నావు, పళ్ళు నొప్పా అని అడిగింది. అవునన్నాను. పుదీనా నమలమంది. నమిలాను.

పిరికిదాన్ని.

మార్చి 11, మంగళవారం

తెలివైన ఉపాయం తట్టింది. బండి వచ్చేలోపు ఎవరైనా ఒక్కసారి తీసుకుంటే చాలు, పుస్తకం బతుకుతుంది. స్టాఫ్ కార్డు మీద నేనే తీసుకుంటే లెక్కలోకి రాదు. రోజూ మంత్రాల పుస్తకాలు అడిగే నీలం జుట్టు అమ్మాయి ఉంది కదా! ఆమె చేతిలో పెడితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, పుస్తకమూ దక్కుతుంది, నా పరువూ దక్కుతుంది.

సాయంత్రం వచ్చింది. ఇచ్చాను. కిటికీ దగ్గర కూర్చుని గంటన్నర చదివింది, ఒకసారి గట్టిగా నవ్వింది కూడా. లేచి తెచ్చి నా కౌంటర్ మీద పెట్టేసింది. ఆంటీ, ఇంత మంచిది నేను చూళ్ళేదు, మిగతా పుస్తకాలన్నీ ఏదో ఒకటి కొనమంటాయి, ఇది మొక్కకి సారీ చెప్పమంటుంది, కానీ ఇది ఎవరిదో సొంతం, చీటీలు చూశారా, వాళ్ళనడక్కుండా తీసుకెళ్తే దొంగతనంలా ఉంటుంది, ఒకసారి కనుక్కోండి అంది. నలభై ఏళ్ళ కిందట నాకు లేని బుద్ధి ఇరవై ఏళ్ళ పిల్లకి ఉంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టాంప్ ప్యాడ్‌కి ఇంకు పోస్తూ కూర్చున్నాను.

మార్చి 13, గురువారం

టైమ్‌టేబుల్‌ని అడిగాను, ఈ ఒక్కటీ ఉంచేద్దామని. రచయిత లేని పుస్తకం, మూడేళ్ళుగా కదలని పుస్తకం ఎలా ఉంచుతాం మేడమ్ అన్నాడు. రూల్ ప్రకారం తప్పేమీ అనలేదు. అయినా తిట్టుకున్నాను.

మార్చి 16, ఆదివారం

చెప్పేశాను.

దారిలో నాలుగుసార్లు వెనక్కి తిరిగాను. గదిలోకి వెళ్ళేసరికి అత్త కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో లంగాకి అంచు కుడుతోంది. చెప్పులు కూడా విప్పకుండా, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పాను. స్కూలు, బొమ్మ, జ్వరం, బీరువా, నేను నోరు మూసుకుని నిలబడింది. అత్త దారం కొరికి, ముందు చెప్పులు విప్పు అంది.

తర్వాత, నాకు ఆ రోజే తెలుసే అంది. నీ మొహం చూస్తే తెలియదా, గుమ్మం పట్టుకుని పాలిపోయి నిలబడ్డావు, మీ నాన్న చెయ్యి అసలే దురుసు, నీ పేరు చెప్పి నేను ఏం బావుకుంటాను అంది. పోనీ నన్నయినా అడగాల్సింది కదా అన్నాను. అడిగితే అబద్ధం చెప్పేదానివి, ఆ అబద్ధాన్ని జీవితాంతం మొయ్యాల్సి వచ్చేది, నీకంత బలం లేదు అంది. అబద్ధం చెప్పకుండానే మోశాను అత్తా అన్నాను. అదే నా తప్పు, నువ్వే వచ్చి చెప్తావనుకున్నాను, ఒక వారం పడుతుందనుకున్నాను అంది.

మరి లైబ్రరీలో కనపడ్డాక ఇది నాదే అని తెచ్చేసుకోవచ్చు కదా అంటే, తెచ్చుకుంటే ఎలా పోయిందో రాసిమ్మంటారు, ఆ కథంతా ఆ గుమాస్తాకెందుకు, అయినా మూడు వారాలకోసారి పదకొండు మెట్లెక్కడం ఒంటికి మంచిదేగా అని నవ్వింది.

శుక్రవారం బండి వస్తుందని చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

మార్చి 18, మంగళవారం

అత్త ఫోన్. మోకాళ్ళకి పట్టీలు కావాలట, పెద్ద సైజువి.

మార్చి 20, గురువారం

పదకొండు మెట్లు. నాలుగో మెట్టు మీద కూర్చుంది, ఎనిమిదో మెట్టు మీద కూర్చుంది. ఎత్తుకొస్తామంటే, నేనేమైనా పుస్తకాల మూటనా అని కసిరింది. టైమ్‌టేబుల్ గారు తన కుర్చీ తనే మోసుకొచ్చి వేశాడు. ఆ సంగతి రాసి పెట్టుకోవాలి, మంచివాడే. పైకి రాగానే అత్త వరండా కుండీలో ఎండిన ఆకు ఒకటి చూసి, దానికి సారీ చెప్పి తీసేసింది. చుట్టూ ఎవరున్నారో చూసుకోలేదు.

గడువు తీరి అత్త కార్డు ఉత్త అట్టముక్క అయిపోయింది. రెన్యూ చేశాను. పుస్తకం అందించి, చీటీల్లో ఉన్నవి లోపల దిద్దేసుకో అని పెన్ను కూడా ఇచ్చాను. అత్త నా వైపు చూసిన చూపు! లైబ్రరీ పుస్తకంలో రాస్తారా ఎవరైనా, నువ్వు ఇక్కడ ఉద్యోగం ఎలా చేస్తున్నావే అంది. అందుకే ఇరవై రెండేళ్ళు గుండుసూదులు.

ముద్ర వేశాను. స్లిప్ మీద చోటు లేదు, కొత్తది అతికించి వేశాను. 118.

నీలం జుట్టు అమ్మాయి అప్పుడే వచ్చింది. చీటీలు రాసింది ఈవిడే అని చెప్పాను. ఆ పిల్ల నేల మీద చతికిలబడి, మీరు నిజంగా మంత్రగత్తేనా బామ్మా అని అడిగేసింది. నేను అత్త మొహం చూశాను. అత్త నా వైపు చూడకుండా, అవునమ్మా, ఈ పేటలో నలభై ఏళ్ళుగా అంది. ఇద్దరూ పకపకా నవ్వారు.

నేను వెళ్ళి వంటల ర్యాక్ వెనక నిలబడ్డాను, కళ్ళు తుడుచుకోవడానికి.

మార్చి 21, శుక్రవారం

బండి వచ్చి వెళ్ళింది. మా పుస్తకం అందులో లేదు.

టైమ్‌టేబుల్‌కి లిస్టు ఇచ్చాను. పదోది రచయిత లేని పుస్తకం కదా అన్నాడు. ఉన్నారు అన్నాను. రిజిస్టర్‌లో “తెలియదు” కొట్టేసి, అత్త పేరు ఇంటిపేరుతో సహా రాశాను. దాని చోటు వంటల్లోంచి స్టాండ్‌కి మార్చాను. ప్రస్తుతానికి అక్కడ ఖాళీయే. పుస్తకం 118 దగ్గర ఉంది, ఏప్రిల్ పదికి ఇవ్వాలి.

సాయంత్రం ఐదింటికి లైబ్రరీ గడియారం కొట్టింది. రోజూ కొడుతుంది. ఇవాళ విన్నాను.

మార్చి 23, ఆదివారం

అత్త గది. చాప. గోడ.

వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకి చాపాను. మోకాళ్ళు టక్కుమన్నాయి. అత్త కుర్చీలో కూర్చుని లెక్క మొదలుపెట్టింది.

ఇరవై మూడు దగ్గర ఏడుపొచ్చింది.

అత్త లెక్క ఆపలేదు.