వేడెక్కేదాకా పట్టని బ్రేకులు

డిసెంబర్ 2, ఉదయం

ఇవాళ కూడా ఆ చప్పుడు. వాడు తన కారు రివర్స్ తీస్తుంటే ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమంది. వాడికి వినపడలేదట. నాకు వంటింట్లోకి వినపడింది. ఇరవై రెండేళ్ళు బెజవాడ ఆటోనగర్‌లో మా ఆయన పక్కన కూచుని లారీ బ్రేక్ లైనర్లకి రివెట్లు కొట్టినదాన్ని. అరిగిన బ్రేకు ఎలా ఏడుస్తుందో నాకు ఒకరు చెప్పాలా.

వాడంటే అవినాష్. నా అల్లుడు. ఎదురుగా బాబూ అంటాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ వాడు అనే రాస్తాను. నా భవితని చంపినవాడు.

సాయంత్రం

బ్రేకులు అరిగాయని చెప్పాను. వీకెండ్ ఆన్‌లైన్‌లో ప్యాడ్లు ఆర్డర్ పెడతానన్నాడు. పోయినసారి కూడా నువ్వే పెట్టావుగా బాబూ అన్నాను. ప్లేటు తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయాడు.

పోయిన జనవరిలో పొద్దున్నే ఆఫీస్‌కి బయల్దేరింది నా బిడ్డ. ఇంటి నుంచి మూడు నిమిషాలు కూడా కాలేదు. దిగువలో, బండ్లు ఆగాల్సిన మొదటి స్టాప్ సైన్. రోడ్డు మీద ఐస్ లేదని పోలీసు రిపోర్ట్‌లో ఉంది. ఉన్నది చలి ఒక్కటే. బ్రేకు తొక్కిందట. కారు ఆగలేదు. పక్క నుంచి ట్రక్కు వచ్చింది. తర్వాత కారు చూసిన మెకానిక్ చెప్పాడట, అవి రేసుల్లో వాడే ప్యాడ్లని, బాగా వేడెక్కితేగాని పట్టవని. మూడు నిమిషాల్లో ఏం వేడెక్కుతాయి.

ఆర్డర్ కాగితం మీద వాడి పేరుంది. నా కళ్ళతో చూశాను.

నాకు వీసా వచ్చేసరికి ఆగస్టు. బూడిద కూడా మిగల్లేదు చూడటానికి.

డిసెంబర్ 3

కారు తాళం కందిపప్పు డబ్బాలో దాచేశాను.

బ్రేకులు మార్చేదాకా నా మనవరాలు ఆ కారెక్కదు. వాడు సోఫా కింద, కోటు జేబుల్లో, చెత్తబుట్టలో కూడా వెతికాడు. నైనికకి నాలుగేళ్ళు. "అమ్మమ్మా, డాడీ కీ చూసావా" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. లేదన్నాను. పసిదానికి అబద్ధం చెప్పాను. చెబుతాను, ఇంకా చెబుతాను.

అమెరికాలోని ఈ బెంటన్‌విల్‌లో కారు లేకపోతే పాల డబ్బా కూడా రాదు. ఎదురింటి శ్రీలేఖ వచ్చి పిల్లని స్కూల్‌లో దింపింది. వాడికి అర్థమైంది. కీ ఇచ్చెయ్యండి అత్తయ్యా అన్నాడు, ఒక్కసారే. గొంతు పెంచడు. అరిస్తే నాకూ సుఖంగా ఉండేది.

డిసెంబర్ 4

ఇవాళా ఇవ్వలేదు. ఫోన్‌లో ఇరవై డిగ్రీలని ఉంది. ఇక్కడి ఫారన్‌హీట్ లెక్కలో ఇరవై అంటే నీళ్ళు రాయైపోతాయి.

డిసెంబర్ 7, ఆదివారం

రాయాలని లేదు. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

శ్రీలేఖ ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంట తెచ్చుకునే భోజనాలు. పది కుటుంబాల దాకా వచ్చారు. అందరూ నన్ను చూసి తలలు వంచేవాళ్ళే. ఆ జాలి మొహాలు చూస్తే వాళ్ళ పులిహోర వాళ్ళ మీదే పొయ్యాలనిపిస్తుంది. ఒకావిడ వచ్చి, మీ అల్లుడు బంగారం ఆంటీ, పిల్లకి జడ కూడా తనే వేస్తాడు అంది.

"బంగారమేనమ్మా. రేసు బ్రేకులు వేసి నా కూతుర్ని పంపించేసిన బంగారం."

అందరికీ వినపడేలాగే అన్నాను. వాడు నేల మీద కూచుని నైనిక షూ లేసులు కడుతున్నాడు. తలెత్తలేదు. కట్టిన లేసు విప్పి మళ్ళీ కట్టాడు.

శ్రీలేఖ నన్ను బట్టలుతికే గదిలోకి లాక్కెళ్ళి తలుపేసింది.

"అవినాష్ చెప్పొద్దన్నాడు ఆంటీ. కానీ ఇంక నా వల్ల కాదు. ఆ ప్యాడ్లు కొనేముందు భవిత వీడియో కాల్‌లో రెండు రకాలూ చూపించి ఏది తీసుకోమంటావని అడిగింది మిమ్మల్నే. నేను పక్కనే ఉన్నా."

అబద్ధం అన్నాను. అప్పుడది నా మాటలు నాకే అప్పజెప్పింది. వేడికి జారిపోయే రకం వద్దు, లోడుతో ఘాట్ దిగే బండికి వేసేలాంటిది తీసుకో అన్నానట.

అన్నాను. గుర్తొచ్చింది. వంకాయలు తరుగుతూ అన్నాను. ఒకటి రోజువారీ ఊళ్ళో తిరగడానికమ్మా, ఇంకోటి ఎర్రగా కాలినా పట్టు వదలదట, అంది భవిత. రెండోదే అన్నాను. మళ్ళీ వంకాయలు తరుక్కున్నాను. మా దగ్గర బ్రేకు చచ్చేది వేడికే. ఘాట్ దిగుతూ పొగలొచ్చి చచ్చిన లారీలు ఎన్ని చూశాను. చలికి పట్టని బ్రేకు ఒకటుంటుందని నా జన్మలో వినలేదు.

అవినాష్ రెండుసార్లు వద్దన్నాడట. మా అమ్మకి నీకంటే తెలుసు అందట నా కూతురు.

డిసెంబర్ 8

అడిగాను. గిన్నెలు కడుగుతున్నాడు. నీకు ముందే తెలుసా అన్నాను. తెలుసన్నాడు. మరి ఎందుకు చెప్పలేదు అన్నాను.

"మీకు చెప్పి నేనేం బాగుపడాలి అత్తయ్యా."

గిన్నెలు కడగడం ఆపలేదు.

చెంప మీద కొట్టాలనిపించింది. ఎవడు అడిగాడు ఈ దానం? నాలుగు నెలలు ఎదురుగా కూచుని నా చేతి అన్నం తింటూ నా తిట్లు తిన్నాడు. వాడి మీద కోపంతోనే పొద్దున లేచేదాన్ని. ఆ కోపంతోనే వండేదాన్ని. రేపు దేంతో లేవాలి?

అయినా మొగుడన్నవాడు ఆపొద్దా? రెండుసార్లు వద్దని ఊరుకుంటాడా? మూడోసారి చెప్పొద్దా?

తాళం తీసి టేబుల్ మీద పెట్టాను. పప్పు పొడి అంటుకుని ఉంది. తుడవలేదు.

డిసెంబర్ 10

మెకానిక్ షాప్‌కి నన్నూ రమ్మన్నాడు. రానన్నాను. వెళ్ళాను.

తెల్ల గడ్డం పెద్దాయన మూడు రకాల ప్యాడ్లు బల్ల మీద పరిచాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది అవినాష్ తెలుగులో చెప్పాడు. అంచు మీద రెండు అక్షరాలుంటాయట. మొదటిది బ్రేకు ఇంకా వేడెక్కనప్పటి పట్టు, రెండోది బాగా వేడెక్కాక. నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు లారీ నంబర్ల మీద నేర్చుకున్నాను. చదవగలిగాను. ఇంత చిన్న అక్షరం ఇక్కడ రాసి పెట్టుకుని నా బిడ్డని చంపారు అనుకున్నాను. ఎవరు చంపారు అని కూడా అనుకున్నాను.

మీరు చెప్పండి అత్తయ్యా, ఏది వేయించమంటారు అన్నాడు. వెక్కిరింతా, మర్యాదా? మొహం చూస్తే తెలియలేదు. నా చెయ్యి లేవలేదు. నన్ను అడగొద్దు, జన్మలో నన్ను బ్రేకుల సంగతి అడగొద్దు అన్నాను. కౌంటర్ దగ్గరున్నవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ.

చివరికి, ఈ చలిలో ఆయన తన మనవలు ఎక్కే కారుకి ఏది వేస్తాడో అడగమన్నాను. ఆయన ఆలోచించకుండా మధ్యదాని మీద వేలు పెట్టాడు. సిరామిక్ అట. రేసులకి పనికిరాదు, పొద్దున మొదటి తొక్కుడుకే పట్టేస్తుంది అన్నాడు. ఐస్ ఉంటే మాత్రం ఏ ప్యాడూ కాపాడదు, టైర్లు చూసుకోండి అని కూడా అన్నాడు. టైర్లూ మార్పించాం.



డిసెంబర్ 13, ఉదయం 7

రాత్రంతా బయటే ఉంది కారు. అద్దాల మీద మంచు గీకాడు. పిల్ల శ్రీలేఖ దగ్గర పడుకుంది. బ్రేకులు వేడెక్కకముందే పరీక్షించి చూడాలి అన్నాను, వెనక సీట్లో కూచున్నాను. పక్కనే ఖాళీ చర్చి పార్కింగ్ లాట్.

తొక్కు అన్నాను. తొక్కాడు. ఆగింది. మెడ విరిగినంత పనైంది.

మళ్ళీ అన్నాను. ఆగింది. మళ్ళీ. ఎన్నిసార్లో తెలియదు. చివరికి అతను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. పదకొండు నెలల్లో ఎవరి ముందైనా ఏడ్చాడో లేదో. భుజం మీద చెయ్యి వెయ్యాలని తెలుసు. వెయ్యలేదు.

ఇంకోసారి తొక్కు బాబూ అన్నాను.

డిసెంబర్ 15, 7:50

వెళ్ళారు. నైనిక వెనక సీట్లోంచి చెయ్యి ఊపింది. నేను తలుపు దగ్గర నిలబడి కుడికాలు నేలకి నొక్కిపట్టాను. స్కూల్ దగ్గర దింపానని అతని ఫోన్ వచ్చేదాకా తియ్యలేదు.