ఎవరి తప్పు అని అడగని కాగితం

ఒటోరొహంగా, న్యూజిలాండ్
12 మార్చి 2006, ఆదివారం

రాజ్యం వదినకు, మొగిలన్నకు తారాబాయి నమస్కారాలు.

నా ఎడమ చెయ్యి ఒక్కటి తప్ప ఇక్కడ మేమందరం బాగున్నాం. అక్కడ మీరూ బాగుండాలని, మొగిలన్న నడుము నొప్పి కాస్తయినా తగ్గాలని కోరుకుంటున్నాను. చెయ్యి సంగతి తర్వాత చెబుతాను, కంగారు పడకు. ముందు ఈ ఉత్తరం చదివిపెడుతున్న దామోదర్‌కు ఒక మాట. నాయనా, ఇప్పుడు నువ్వు గీత సంఘానికి సెక్రెటరీవే కావచ్చు, ఒకప్పుడు నా సూదికి భయపడి గడ్డివాములో దాక్కున్నవాడివే. మధ్యలో మాటలు మింగకుండా, అక్కడ కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా చదువు.

వదినా, నువ్వు రాయించిన ఉత్తరం అందింది. పాత దరఖాస్తులు మళ్ళీ చూస్తున్నారని రాయించావు. తాటిచెట్టు మీది నుంచి పడి నడుము పోయిన గీత కార్మికుడికైతే సాయం, పింఛను వస్తాయని, గట్టు మీద జారిపడ్డవాడికి ఏమీ రాదని తెలిసింది. మొగిలన్న పడ్డ రోజు ఊరి నర్సమ్మగా మొదట చూసింది నేనే. సబ్ సెంటర్ రిజిస్టర్లో ‘పొలం గట్టు మీద కాలు జారి’ అని రాసిందీ నేనే. ఆ ముక్క చూసే ఎనిమిదేళ్ళ క్రితం ఆయన కాగితాలు తిప్పి పంపారు. ఇప్పుడు చెట్టు మీది నుంచే పడ్డాడని రాసి సంతకం పెట్టి పంపమన్నావు. ‘తాగి గట్టు మీద పడ్డోని కోసం ఇట్ల అడుగుడు తప్పే నర్సమ్మా, చెట్టెక్కే మోకు సుత అమ్ముకొని తాగిండు, కానీ ఈ ముసలితనంల మందులకు ఏం జెయ్యాలె, నా కోసం ఒక్క అబద్ధం రాయవా’ అని నువ్వన్న మాటలు అన్నట్టే దించాడు దామోదర్. అది చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

జవాబు ఆలస్యమైందని తిట్టుకుని ఉంటావు. తిట్టు, నాకు తగినదే. కానీ ఈ నెల రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. ఇక్కడ మనుషులు కిందపడితే ఏమవుతుందో కనిపించిన వాళ్ళనల్లా అడుగుతూ తిరిగాను. నాకు ప్రశ్నల పిచ్చి పట్టిందని మా అమ్మాయి ప్రణీత నవ్వుతోంది.

అసలు ఎలా మొదలైందో చెబుతాను. పోయిన నెల ఒక పొద్దున వాకిలి మెట్లు కడుగుతున్నాను. ఈ దేశంలో మెట్లు ఎవరూ కడగరు, నేను కడుగుతాను. అల్లుడు అభినయ్ మొక్కలకు నీళ్ళు పెట్టి పైపు అడ్డంగా వదిలేసి డ్యూటీకి పోయాడు. దాంట్లో కాలు ఇరుక్కుని ముందుకు పడ్డాను. మణికట్టు విరిగిన చప్పుడు నాకే వినపడింది. ముప్పై ఏళ్ళు నర్సు పని చేసినదాన్ని, ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు.

ప్రణీత కారులో ఆస్పత్రికి తీసుకుపోతుంటే నేను నొప్పి సంగతి మర్చిపోయి అబద్ధం వెతుక్కున్నాను. పైపు అని చెబితే అల్లుడి మీదికి వస్తుంది. మెట్లు అంటే ఇంటి ఓనరును పిలుస్తారు, ఆయన ఇల్లు ఖాళీ చేయమంటాడు. అందుకని డాక్టరు అడగ్గానే, రోడ్డు మీద నడుస్తూ నా అంతట నేనే పడ్డానన్నాను. ప్రణీత నోరు తెరిచి నా వైపు చూసి, ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన సరేనని రాసుకున్నాడు. అంతే. పోలీసుల్లేరు, పంచనామా లేదు!

ఆ కాగితం నేను అడిగి తీసుకుని చూశాను. ఎప్పుడు పడ్డారు, ఎక్కడ పడ్డారు, ఏం చేస్తుండగా, ఏ ఎముక. ఎవరి వల్ల అన్న గడి ఎక్కడా లేదు. వెనక ఉందేమోనని తిప్పి కూడా చూశాను. ఆ డాక్టరు, ఈ ముసలామె ఏం వెతుకుతోందా అన్నట్టు చూస్తున్నాడు. ఇక్కడ ఎవరి తప్పైనా ఒకటేనని, రోడ్డు మీద పడినా ఇంట్లో పడినా అందరూ కట్టే సొమ్ములోంచి వైద్యం చేయిస్తారని, దాన్ని ఏసీసీ అంటారని ప్రణీత విడమరిచి చెప్పింది. ఇంటికొచ్చాక ‘అబద్ధం ఎందుకాడినవమ్మా’ అని అడిగింది. నేను కట్టు సర్దుకున్నాను.

అప్పటి నుంచి నాకు ఒకటే ధ్యాస. ప్రణీత ఇక్కడ ఊళ్ళు తిరిగే నర్సు. దూరంగా విసిరేసినట్టున్న పశువుల ఫారాలకు కారులో వెళ్ళి ముసలివాళ్ళకు కట్లు మారుస్తుంది, మందులు చూస్తుంది. నేను చేసిన పనే, కాకపోతే నాకు సైకిలు కూడా లేదు. ఒకరోజు నేనూ తోడు పోయాను. కారులోనే కూర్చుంటానన్నాను గానీ, ఆ ఇంటి ముసలాయన టీ తాగి పొమ్మని లోపలికి పిలిచాడు. నాలుగు చక్రాల మోటారు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. తప్పు ఎవరిదని అడిగాను. ఆయన తీరిగ్గా ఆలోచించి, గొర్రెదన్నాడు!

అయితే ఇక్కడ అంతా చక్కగా ఉందని అనుకోకు వదినా. తిరకాసు ఇక్కడా ఉంది. పక్కింట్లో మార్గరెట్ అని డెబ్బై ఎనిమిదేళ్ళ ఆమె ఉంటుంది, ఒంటరి మనిషి. తుంటి కీలు అరిగిపోయి కర్ర పట్టుకుని మూలుగుతూ నడుస్తుంది. ఆపరేషన్ కోసం ఏడాది నుంచి వరసలో ఉంది. నా మణికట్టుకు మాత్రం గంటలో కట్టు పడింది. స్నానానికి సాయం చేయడానికి ఒక మనిషి కూడా వచ్చింది. ఎందుకంటే నేను పడ్డాను, ఆమె అరిగింది. అరుగుదలకు ఏసీసీ రాదట. పింఛను ఏమో అరవై ఐదు దాటిన వాళ్ళందరికీ ఇస్తారట, ఉన్నవాళ్ళు లేనివాళ్ళు అని చూడరు. నాకు రాదులే, ఈ దేశంలో పదేళ్ళు ఉండాలి. మార్గరెట్ నా కట్టు చూసి, తాను కూడా ఒక మెట్టు చూసుకుని పడి ఉంటే బాగుండేదని నవ్వింది. నవ్వుతూనే కుర్చీలోంచి లేవలేక నా కుడి చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్ళు తాటిచెట్లెక్కిన మోకాళ్ళు పడినట్టా, అరిగినట్టా అని నాకు అనుమానం వచ్చింది.

సరే, నువ్వడిగిన కాగితం ఈ కవరులోనే విడిగా మడిచి పెట్టాను. మొగిలన్న తాటిచెట్టు మీది నుంచి పడ్డాడని స్పష్టంగా రాశాను. నా పూర్తి పేరు, చేసిన ఉద్యోగం, రిటైరైన తేదీ అన్నీ ఉన్నాయి. సంతకం నాదే, కుడి చేత్తో పెట్టాను. దామోదర్ దాన్ని మండలం ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. రసీదు లేకుండా బయటికి రావద్దు. మొగిలన్న నడుముకు పొద్దునా సాయంత్రం వేడినీళ్ళ కాపడం పెట్టు. కోపంలో కూడా మానెయ్యకు.

మీ ఇంటి ఆడబిడ్డ అనుకుంటే,
తారాబాయి

తా.క.: దామోదర్, ఇక్కడ ఆపకు. మొగిలన్న దగ్గర లేకపోతే పిలిపించి, ఆయన ముందు చదువు.

వదినా, నువ్వడిగిన అబద్ధం నేను రాయలేదు. కవరులో ఉన్నది నిజం. అబద్ధం రిజిస్టర్లో ఉంది.

ఆ రోజు మా పెద్ద డాక్టరు తనిఖీకి వస్తున్నాడు. ఆయనకు ముంజలు పెట్టి మెప్పు పొందాలని నాకు బుద్ధి పుట్టింది. మిట్టమధ్యాహ్నం మొగిలన్నను చెట్టెక్కమన్నాను. ‘మోకు పాతదైంది నర్సమ్మా, రేపు కొత్తది వస్తది, రేపు తెంపిస్త’ అన్నాడు. ఒక్క చెట్టే కదన్నా, నా పరువు కాపాడు అన్నాను. సగం ఎక్కాడో లేదో నడుముకు కట్టిన మోకు తెగింది. గట్టు మీద పొద్దుటి కల్లు లొట్టి ఉంది, దాని మీదే పడ్డాడు. లొట్టి పగిలి ఒళ్ళంతా కల్లయింది. ఆ వాసనకే ఊరంతా తాగి పడ్డాడంది, నువ్వూ నమ్మావు. వేళ కాని వేళ ఎవరి కోసం ఎక్కాడని అడుగుతారని, నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తెగిన మోకును బావిలో పడేసింది నేనే. ఆయన అమ్ముకోలేదు.

ఆస్పత్రిలో తెలివొచ్చాక ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ‘మొగుడు లేనిదానివి, నీ బిడ్డ సదువు ఆగొద్దు, గట్టు మీదనే పడ్డ అనుకో’ అన్నాడు. ఆ చదువుతోనే ప్రణీత ఈ దేశంలో నర్సయింది. కాగితాలు తిరిగొచ్చినప్పుడు కూడా ఆయన నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు. రిటైరయ్యాక కూడా పిరికితనంతో ఊరుకున్నాను. ఇప్పుడు నా పెన్షన్ ఆపితే ఆపనీ.

ఆ రోజు ఆయన ఒక్క చుక్క ముట్టలేదు వదినా. ఎనిమిదేళ్ళు నీ చేత పడిన తిట్లన్నీ నావి.

ఇక్కడి కాగితంలో ఎవరి తప్పు అన్న గడి లేదని చెప్పాను కదా. నీకు పంపిన దాంట్లో నేనే ఒక గడి గీసి, అందులో నా పేరు రాశాను.