మిద్దె మీది బూడిద, మెంతికూర

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. తుకుం బస్తీల మన మిద్దె మీద, కరెంటు ప్లాంటు పొగతోని రాలిన బూడిద ఊడ్చి, మెంతికూర కుండీలల్ల కలిపినవ్ గదా. ఆ మొక్కల కొలతలు మల్ల లెక్కకట్టిన.

నా పద్ధతిల రిగ్రెషన్ చేసి, బూడిద పెరిగినకొద్ది మొక్క ఏమైందో ఒక్క తిన్నటి గీత గీసిన. గీత అడ్డంగ పండుకుంది, బూడిదతోని ఏం ఫరక్ లేదన్నట్టు. "గుంపులు వేరేవేరేగ చూడవే మొద్దూ" అని కొట్లాడేదానివి. గుంపుల సగటులు పక్కపక్కన పెట్టి చూసే నీ అనోవా లెక్క చేస్తే ఫరక్ తేలింది. బూడిద లేనియి, ఎక్కువున్నయి పొట్టిగున్నయి, కొంచెం కలిపినయి ఏపుగ లేసినయి. నా గీతకు ఆ ఎత్తే కనవడలే.

నువ్వే గెలిచినవ్. ఎవరికి చెప్పాలె?

అమ్మ ఒకరోజు నవ్వుతది, ఒకరోజు మంచం దిగది. ఎట్లుందని ఎవరన్న అడిగితే, రెండూ కలిపి బాగనే ఉందంటున్న.

ఇంకా గీతలే గీస్తున్ననే అక్కా.