మేతలో వెల్లుల్లి

అత్తయ్యగారికి నమస్కారం.

మీరు ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నానండి. చేపల మేతలో వెల్లుల్లి, పసుపు కలపమని మీరు చెబితే, “చేపలకి చారు పెట్టమంటావా అమ్మా?” అని మీ అబ్బాయి నవ్వడం తప్పే. మీరు అలిగి నరసాపురం వదినగారింటికి వెళ్ళిన వారానికే చేపల ఒంటిమీద ఎర్రమచ్చలు లేచాయి. మేత ముట్టలేదు. చెరువు చూడటానికి వచ్చిన ఫిషరీస్ ఆఫీసరుగారు నీళ్ళు మార్పించి, మేతలో వెల్లుల్లి కూడా పది రోజులు కలపమన్నారు. మీ అబ్బాయి ఆ పది రోజులూ తనే కూర్చుని రోట్లో నూరారు.

నిన్న చేపలు చెరువులో వేలాడగట్టిన మేత సంచుల చుట్టూ మూగాయి. “అమ్మ చూసుంటే ఎంత బాగుండేదో” అని ఆయన అటు తిరిగిపోయారు.

ఫోన్ చేయడానికి మొహం చెల్లక, ఆదివారం మిమ్మల్ని తీసుకురావడానికి తనే వస్తున్నారు. గుమ్మంలో ఏమీ అడగకండి అత్తయ్యగారూ. ముందు అన్నం పెట్టండి.

మీ కోడలు