నాన్న రంగం జీతం

కాకినాడ, శనివారం రాత్రి, 1979

ఇవాళ నాన్న గెలిచాడు. ఆ సంబరంతో నాకింకా నిద్ర పట్టడం లేదు.

కాలేజీలో పాత నోట్ల ప్రదర్శన పెట్టారు. మావాళ్ళు రంగం అనే రంగూన్‌ను యుద్ధంలో జపాన్‌వాళ్ళు పట్టుకుని, సొంతంగా నోట్లు అచ్చేశారు. రేవులో బియ్యం మూటలు మోసినందుకు నాన్నకి వాటిలో ఒక పది రూపాయల నోటు ఇచ్చారు. తెల్లవాళ్ళు తిరిగొచ్చి అది చెల్లదన్నారు. అమ్మ దాన్ని ఎన్నిసార్లు పొయ్యిలో పెట్టబోయిందో.

ప్రదర్శనకి నాన్న ఇచ్చిన ఆ నోటు పక్కన, అద్దం కింద, నాన్న పేరుతో చీటీ ఉంది: "సేకరణ: వీర్రాజు." నాన్న అక్కడున్న లెక్చరర్ గారిని పిలిచాడు.

"సేకరణేంటండి? నేనేం పోగుచెయ్యలేదండి. అది నా జీతమండి."

"చెల్లని నోటు కదండి," అన్నారాయన.

"నోటు చెల్లకపోతే ఏమండి, మోసిన మూటలు చెల్లాయి కదండి."

లెక్చరర్ గారు కాసేపు నాన్న భుజాల వైపు చూశారు. చీటీ తీసేసి, కొత్తది రాసి పెట్టారు: "జీతం: వీర్రాజు, రంగం రేవు." జనం వంగి చదువుతుంటే నాన్న చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

నోటు ఈ రాత్రి అక్కడే ఉంటుంది. ఆ అద్దాల బీరువా తాళం మీద నాకు నమ్మకం లేదు. ఎవరైనా...

నాన్న మాత్రం జీతం అందినవాడిలా నిద్రపోతున్నాడు.