చప్పుడు చేయకూడదంట, నాయనా

నాయనా,

నిన్ననే నీ ఏడాది తద్దినం అయింది. వచ్చే ఆదివారం నేనూ అమ్మా బందీపూర్ అడివికి పోతా ఉండాము. జీపులో ఎక్కించుకోని అడివంతా తిప్పి చూపిస్తారంట.

మన చెరుకుతోటలో మంచె మీద ఎన్నేండ్లు కావలి ఉన్నావు నువ్వు! చెరుకు విరిగిన సద్దు వింటానే రేకుడబ్బా వాయించి ఏనుగుల్ని తరిమేవాడివి. "ఎప్పుడూ చీకట్లో వినేదే గానీ, సామిని పగటిపూట నిదానంగా సూసిందే లేదు పాపా" అంటా ఉంటివి. పేరెత్తితే తోటలోకి వస్తాదని ఏనుగును సామి అనే అనేవాడివి. అమ్మ ఇప్పటికీ అట్లే అంటాది. నీ మాట గుర్తుకొచ్చే, చీకటి పడే సాయంత్రం వద్దని పొద్దుటి సఫారీకి సీట్లు బుక్ చేసినాను.

ఈ పొద్దు ఫోన్లో వాళ్ళ నిబంధనలు అమ్మకు చదివి వినిపించినాను. జీపు దిగకూడదు. ఏనుగు ఎదురొస్తే అరవకూడదు, చప్పుడు చేయకూడదు.

"చప్పుడు చేయకుంటే సామి యాడికి పోతాడే?" అనింది అమ్మ.

"పోకూడదనే కదమ్మా, మనం అంత దూరం పోయేది!"

అమ్మ లేచి పోయి, అప్పుడే సర్దిపెట్టుకున్న బట్టల సంచి విప్పింది. చీరల అడుగు నుంచి నీ రేకుడబ్బా, దాన్ని కొట్టే కట్టె బయటికి తీసింది. రెండూ తీసుకుపోయి నీ పటం ముందర పెట్టింది.

"ఈ ఒక్కసారికి కొట్టబాకయ్యా," అనింది. "మమ్మల్నైనా సామిని నిదానంగా సూసుకోనీ."

నీ పాప