ఉతకడానికి వీలైన కెమెరా బ్యాగు

13-7-2003, ఆదివారం

మా ఆయన కెమెరాకి బ్యాగు కొనడానికి ఇద్దరం దుర్గ్ బజారుకి వెళ్లాం. ఊళ్లు తిరగడానికీ, రోజువారీ ఫొటోల పనికీ ఆగుతుందని లోపల స్పాంజి ఉన్నది ఆయన ఎంచుకున్నారు. నేను పల్చని గుడ్డ బ్యాగు చూపించాను.

"ఇందులో కెమెరా పగిలిపోద్ది. ఇదెందుకు?"

"ఉతకొచ్చండి."

చావు ఇళ్లకి ఫొటోలు తీయడానికి ఆయన పట్టుకెళ్లిన బ్యాగు ఇంట్లోకి తెచ్చినందుకే పోయినేడు నా కడుపు పోయిందని అత్తయ్య అంటుంది. ఇప్పుడు మళ్లీ మూడో నెల.

ఆయన కొట్టు అతనితో, "భయ్యా, యహీ దే దో" అని గుడ్డదే తీసుకున్నారు.

దారిలో అడిగారు. "నా పని వల్లే పోయిందని నువ్వూ నమ్ముతున్నావేటి?"

లేదని ఒక్క మాట అనలేకపోయాను.

క్యాంపులో మా ఇంటికి చేరాక, ఇంకా ఏ చావు ఇంటికీ వెళ్లని ఆ కొత్త బ్యాగుని వరండాలోనే మేకుకి తగిలించి ఆయన లోపలికి వచ్చారు.